ఎడమ సిగ్నల్

ఆ ఏడు చెరకు కోతలు మొదలవకముందే మేము డాక్టర్ని మోసం చేశాం. లారీ డ్రైవర్లకు కోతల ముందు రైతుసంఘం ఆఫీసులో కళ్ళు పరీక్షిస్తారు. గోడకు ఒక అట్ట ఉంటుంది, దాని మీద అక్షరాలు. పై వరుసలో పెద్దవి, కిందికొచ్చేకొద్దీ చీమలంత. ముందురోజు ఏదో కాగితం కావాలన్న వంకతో లోపలికెళ్ళి ఆ అట్టను నా ఫోన్లో ఫోటో తీసుకొచ్చాను. ఆ రాత్రి వంటింట్లో కూర్చోబెట్టి మా ఆయనకు వల్లె వేయించాను. క్రిస్పిన్ బడికెళ్ళింది మూడేళ్ళే. ఆ మూడేళ్ళలో పంతులు చేయలేని పని నేను మూడు గంటల్లో చేశాను.

మర్నాడు డాక్టరు కర్ర రెండో వరుస మీద పెట్టకముందే ఈయన నాలుగో వరుస దాకా అప్పజెప్పేశాడు.

"డోన్ క్రిస్పిన్, నేనింకా చూపించలేదు" అన్నాడు డాక్టరు.

"మీ టైం ఎందుకు పాడుచెయ్యాలని సార్."

బయట ఇంకా నలభై మంది నిలబడి ఉన్నారు. డాక్టరు నవ్వేసి సంతకం పెట్టాడు. ఇంటికొచ్చేదాకా మేమిద్దరం ఆ మాట తలుచుకుని నవ్వుతూనే ఉన్నాం. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పగలు ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. చీకటి పడితేనే వచ్చేది. ఎదురుగా లైటు కనబడితే చాలు, దాని చుట్టూ ఇంకో నాలుగు లైట్లు పుట్టుకొస్తాయనేవాడు. అది దాటిపోయాక చాలాసేపు ఏమీ ఆనేది కాదు. అంతకుముందు ఏడాది శ్మశానం గోడ గీసుకుపోయి లారీకి ఒకవైపు రంగంతా పోయింది. కుక్క అడ్డం వచ్చిందని ఊళ్ళో చెప్పాం.

పగటి వంతు అడగొచ్చు కదా అంటారు. మా దగ్గర కోతల పని రాత్రిదే. సాయంత్రం తోటకు నిప్పు పెడతారు, ఆకు కాలిపోయి గడలు మిగులుతాయి. కాలిన చెరకు పాడవకముందే మిల్లుకు చేరాలి. పగటి వంతు కావాలంటే కారణం చెప్పాలి, కారణం చెబితే వంతు కార్డు లాక్కుంటారు. ముప్పై ఒక్క కోతలు లాగిన మనిషి యాభై ఎనిమిదేళ్ళకు అరుగు మీద కూర్చుంటే ఏమవుతాడో నాకు తెలుసు. మా మామగారు అలా కూర్చున్న ఏడాదికే పోయారు. అందుకని డిసెంబరులో, కోతలు మొదలైన మొదటి రాత్రి, నేను కాఫీ ఫ్లాస్కూ గుడ్డలో చుట్టిన రొట్టెలూ పట్టుకుని లారీ ఎక్కి ఆయన పక్కన కూర్చున్నాను.

"నువ్వెక్కడికే ముసల్దానా?" అన్నాడు.

"నీ కళ్ళు ఇంట్లో మర్చిపోయావు. తీసుకొచ్చాను, పోనీ."

ఆడవాళ్ళు లారీ ఎక్కి మిల్లుకు రావడం మా వైపు లేదు. మిల్లు గేటు దగ్గర వరుసలో నిలబడిన డ్రైవర్లకు నేను మంచి కాలక్షేపమయ్యాను. గేటు దగ్గర ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న పిండి తమాల్ అమ్ముకునే ఒక వితంతువు ఉండేది. క్రిస్పిన్ ఆవిడ వలలో పడ్డాడనీ, అందుకే పెళ్ళాం కాపలాకొస్తోందనీ పుట్టించారు. "ఏం డోన్యా కూకా, దొంగ దొరికాడా?" అని నన్ను అడిగేవాళ్ళు. పెద్దవాళ్ళని డోన్ అనీ డోన్యా అనీ పిలిచే మర్యాద మాత్రం తప్పరు. "దొరికితే మీకే ముందు చూపిస్తా" అనేదాన్ని. నిజం బయటపడడం కంటే అనుమానం మనిషినని పేరు రావడమే నయమనిపించింది.

రోడ్డంతా నేను చెబుతూ ఉండాలి. "కుడి అంచు దగ్గరకొచ్చింది. కొంచెం ఎడమకి. బ్రేకర్ వస్తోంది, దాని మీద రంగు లేదు. ఆవు. ఆవు కాదులే, గోనెసంచి." ఎదురుగా బండి వస్తే ఆయన చూపు తిప్పుకుని, నా వైపున్న తెల్లగీత మీద పెట్టేవాడు. అప్పుడు నేను గొంతు పెంచేదాన్ని. తెల్లారేసరికి నా మెడ పట్టేసేది, మాట బొంగురుపోయేది. రాత్రంతా ఇద్దరం ఒక్క నవ్వు నవ్వేవాళ్ళం కాదు. ముప్పై ఐదేళ్ళ కాపురంలో మేము నవ్వకుండా అన్ని రాత్రులు గడిపింది అప్పుడే.

ఇక ఎడమ సిగ్నల్ సంగతి. చెరకు లారీ మెల్లగా పోతుంది, గడలు అటూ ఇటూ వేలాడుతుంటాయి. వెనక ఇరుక్కున్నవాడికి ముందు ఏముందో కనబడదు. అందుకని మా వైపు ఒక అలవాటుంది. ముందు రోడ్డు చూసి, ఎదురు ఎవరూ లేకపోతే, లారీవాడు ఎడమ సిగ్నల్ వేస్తాడు. మాకు బండ్లు రోడ్డుకు కుడివైపున పోతాయి కాబట్టి ఎడమ నుంచి దాటిపో అని అర్థం. వెనకవాడు ఇంకేమీ చూసుకోడు, దాటేస్తాడు, దాటుతూ ఒక హారన్ కొట్టి పోతాడు. ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ళు మన చేతివేలిని నమ్మి ప్రాణం పెడతారు. క్రిస్పిన్‌కి అందులో పెద్ద పేరు. డోన్ క్రిస్పిన్ సిగ్నల్ వేస్తే కళ్ళు మూసుకుని దాటొచ్చనేవాళ్ళు. మా లారీ వెనక 'గారాలపట్టి' అని రాసుంటుంది. ఆ అక్షరాలు చూస్తే బస్సు డ్రైవర్లు కూడా స్థిమితపడేవాళ్ళు.

ఆ కోతల్లో ఆ సిగ్నల్ నా మాట మీద పడేది. "ఖాళీయేనా?" అని ఆయన అడిగేవాడు. నేను చూసి "ఖాళీ" అనేదాన్ని. అప్పుడు వేసేవాడు.

దాదాపు రోజూ తెల్లవారుజామున మా వెనక పడేది నబోర్. మా ఊరు సపోతల్ మొదట్లోనే వాళ్ళ నాన్న ఫిదెన్సియో రొట్టెల పొయ్యి. నబోర్ ఆ రొట్టెలు చిన్న వ్యానులో వేసుకుని మిల్లు ఊరికి తీసుకెళ్తాడు. వాడి బాప్టిజంలో వాడిని ఎత్తుకున్నది మేమే. మేము వాడికి జ్ఞానతల్లిదండ్రులం, మద్రీనా పద్రీనోలం. ఆ వరసకు ఫిదెన్సియో మాకు కొంపాద్రే, నేను ఆయనకు కొమాద్రే. మాకు అది రక్తసంబంధం కంటే ఒక మెట్టు ఎక్కువ. వెనక నుంచి రెండు పొట్టి హారన్లు కొడితే నబోర్ అన్నమాట. వాగు వంతెన దాటాక రెండు కిలోమీటర్లు రోడ్డు తిన్నగా ఉంటుంది. దాటడానికి చోటు అదొక్కటే. అక్కడిదాకా ఓపిగ్గా వెనకే వచ్చి, సిగ్నల్ చూసి దాటి, మిల్లు గేటు దగ్గర మా కోసం ఆగేవాడు. వేడి రొట్టెల సంచి కిటికీలోంచి నా ఒళ్ళో పడేసేవాడు.

"మద్రీనా, ఆ తమాల్ ఆవిడ ఇవాళ కొత్త చీటీగౌను వేసుకుంది. జాగ్రత్త" అనేవాడు.

"నోరు మూసుకుని పోరా, పెళ్ళి చేసుకోమంటే సిగ్గుపడేవాడివి."

ఫోన్ సిగ్నల్ కూడా ఆ రోడ్డు మొత్తానికి ఆ రెండు కిలోమీటర్లలోనే వచ్చేది.

ఫిబ్రవరి ఆఖరి వారం. మా అమ్మాయి యాదీరా దూరాన మాంటెరే పట్నంలో ఉంటుంది. అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. మూడోది. ముందురోజు సాయంత్రం ఆసుపత్రిలో చేర్చారని అల్లుడు చెప్పాడు. ఆ తర్వాత మాకు కబురు లేదు. ఆ రాత్రి మొదటి ట్రిప్పులో వంతెన దగ్గర ఫోను చూశాను, ఏమీ రాలేదు. రెండో ట్రిప్పులో బయల్దేరినప్పటి నుంచీ ఫోను చేతిలోనే ఉంది. కాలిన ఆకు మసి గాల్లో ఎగురుతోంది. వెనక రెండు హారన్లు వినబడ్డాయి.

"వీడి లైట్లు అద్దంలోంచి నా కళ్ళు పొడుస్తున్నాయి" అన్నాడు క్రిస్పిన్.

"నబోరే. వంతెన దాటాక పంపేద్దాం."

వంతెన దాటాం. ఫోను మోగింది. తెరిచాను. తెల్లగుడ్డలో చుట్టిన పిల్ల, ఎర్రటి మొహం, గుప్పెట మూసుకుని ఉంది. కింద అల్లుడు రాశాడు, ఇద్దరూ క్షేమం, ఇంకో ఫోటో పంపుతున్నాను అని. నా గుండె నిండిపోయింది. ఆయనకు చెప్పాలి, ముందు ఆ రెండోది కూడా చూసేసి చెప్పాలనిపించింది. అది సగం వచ్చి ఆగింది. ఇంకాసేపట్లో సిగ్నల్ పోతుంది.

"ఖాళీయేనా?" అన్నాడు క్రిస్పిన్.

తలెత్తాను. ఫోను వెలుగు చూసిన కళ్ళకు బయట నల్లగా తప్ప ఇంకేమీ లేదు. ఒక్క క్షణం ఆగితే కళ్ళు సర్దుకుంటాయి. అది నాకు తెలుసు, రెండున్నర నెలలుగా నా పనే అది. ఆగలేదు. తల దించేస్తూ "ఖాళీ" అన్నాను.

సిగ్నల్ టిక్కుటిక్కుమంది. నబోర్ వ్యాను మా పక్కకొచ్చింది, హారన్ కొట్టి ముందుకెళ్ళింది.

ఎదురుగా వచ్చింది మిల్లులో చెరకు దించి ఖాళీ తొట్లతో తిరిగొస్తున్న ట్రాక్టరు. దానికి దీపాల్లేవు. చప్పుడయ్యాక నేను ఫోను మీంచి తలెత్తాను.

రోడ్డు మీద రొట్టెలు. మా లారీ వెలుగులో ఎంత దూరం చూసినా రొట్టెలు. క్రిస్పిన్ దిగి వాటి మధ్య పడుతూ లేస్తూ పరుగెత్తాడు. నబోర్‌కి స్పృహ ఉంది. "పద్రీనో, నా కాలు ఎక్కడుందో చూడు" అంటున్నాడు. కాలు అక్కడే ఉంది, వ్యాను ముందుభాగం కింద. ఆయన వాడి తల ఒళ్ళో పెట్టుకుని ఒకే మాట అంటున్నాడు. "నాకు కనబడలేదురా. కనబడలేదు నాకు." నేను ఫోను జేబులో వేసుకున్నాను. రెండో ఫోటో వచ్చిందో లేదో కూడా చూడలేదు.

వాడు బతికాడు. కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. పోలీసులు వచ్చి అడిగితే, ఎవరూ సిగ్నల్ వెయ్యలేదు, నేనే తొందరపడి దాటాను అని చెప్పాడు. మంచంలో పడుకుని జ్ఞానతండ్రిని కాపాడుకున్నాడు.

క్రిస్పిన్ కాపాడించుకోలేదు. మర్నాడు సంఘం ఆఫీసుకెళ్ళి అందరి ముందూ వంతు కార్డు బల్ల మీద పెట్టాడు. "రెండేళ్ళుగా నాకు రాత్రిళ్ళు ఆనడం లేదు. అబద్ధం చెప్పి నడిపాను. సిగ్నల్ వేసింది నేనే." నా పేరు ఎత్తలేదు. అక్కడి నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చి వరండాలో ఫిదెన్సియోకీ అదే చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను, చేతిలో చారు గిన్నెతో.

ఫిదెన్సియో తన చేతులకేసి చూసుకున్నాడు. ఆయన చేతి గోళ్ళలో ఇంకా పిండి ఉంది.

"రెండేళ్ళు గుడ్డివాడు నా వాకిలి ముందు నుంచి లారీ తోలాడు. రోజూ నేను రొట్టెలు పంపాను" అన్నాడు ఆఖరికి.

"అవును కొంపాద్రే."

"నన్నలా పిలవకు."

తర్వాత నా వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "నువ్వు ఏడవకు కొమాద్రే. నువ్వేం చేస్తావు. పక్కన కూర్చున్నావంతే."

అప్పుడు చెప్పాల్సింది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆ మనిషి నా మీద చూపిస్తున్న ఆ కాస్త దయ కూడా పోతుందని భయపడ్డాను. చారు గిన్నె ఆయన చేతికిచ్చి వేడి చేసి పెట్టమన్నాను.

ఇంటికొచ్చాక క్రిస్పిన్ నన్ను ఓదార్చాడు కూడా. "లైట్లు లేని ట్రాక్టరు నీకు మాత్రం ఎలా కనబడుతుందే. నువ్వు చూశావు, కనబడలేదు. అంతే కదా?" అని నా మొహంలోకి చూశాడు.

"అంతే" అన్నాను.

మే నెలలో మిల్లు పొగ ఆగిపోయింది. లారీ మా తమ్ముడి కొడుకు తీసుకున్నాడు. క్రిస్పిన్ అరుగు మీద కుర్చీ వేసుకుని నూరిన కత్తులే మళ్ళీ నూరేవాడు. ఎవరైనా పలకరిస్తే, "నబోర్ కాలు తీసింది నేనే" అని మొదలుపెట్టేవాడు. కొత్తవాళ్ళకు కూడా చెప్పేవాడు. విన్నవాళ్ళు ఇబ్బందిపడి లేచిపోయేవాళ్ళు. ఆయన చెప్పినప్పుడల్లా నేను వంటింట్లో ఏదో ఒక గిన్నె తీసుకుని తోముతూ ఉండేదాన్ని. ఫిదెన్సియో ఇంటి నుంచి రొట్టె రావడం మానేసింది. మేమూ ఆ పొయ్యి ముందు నుంచి నడవడం మానేసి తోటల వెనక దారిలో పోయేవాళ్ళం.

జులైలో యాదీరా పిల్లని తీసుకొచ్చింది. మనవరాలు అచ్చం క్రిస్పిన్. నేను ఎత్తుకునేదాన్ని గానీ, దాని మొహం తిన్నగా చూడలేకపోయేదాన్ని. ఎర్రటి మొహం, మూసుకున్న గుప్పెట గుర్తొచ్చేవి, వెంటనే రొట్టెలు గుర్తొచ్చేవి. పాపం ఆ పిల్లదేముంది.

ఒక మధ్యాహ్నం యాదీరా అడిగింది. "అమ్మా, మొదటి ఫోటో చూడగానే ఏమనుకున్నావ్? ఏడ్చావా?"

"ఆ రాత్రి ఫోను తియ్యనే లేదే. తెల్లారాకే చూశాను" అన్నాను.

గుమ్మంలో కత్తి నూరుతున్న చప్పుడు ఆగింది. కొంచెంసేపటికి మళ్ళీ మొదలైంది.

సెప్టెంబరులో ఊళ్ళోకి ఉచిత కంటి శిబిరం వచ్చింది. శుక్లాలట. కన్నుకు ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. ముందు ఒకటి, మూడు వారాలకు రెండోది. కట్టు విప్పిన రాత్రి పెరట్లో నిలబడి దూరంగా రోడ్డు మీద పోయే బండ్ల లైట్లు లెక్కపెట్టాడు. లైటుకు ఒకటే లైటు ఉంది అన్నాడు. ఆ ఇరవై నిమిషాల పనిని మేము రెండేళ్ళు దాచిపెట్టాం.

అక్టోబరు చివర్లో, పితరుల పండుగకు రొట్టెలు చేసే రోజుల్లో, నబోర్ నుంచి కబురొచ్చింది. కుర్చీలో కూర్చుని పిండి కలుపుతున్నాననీ, పద్రీనో వచ్చి రొట్టె తీసుకెళ్ళాలనీ. ఫిదెన్సియో ఏమన్నాడో కబురు తెచ్చినవాడికి తెలియదు. క్రిస్పిన్ శుభ్రమైన చొక్కా వేసుకుని, మేనల్లుడి చిన్న ట్రక్కు అడిగి తెచ్చాడు. అప్పటికే చీకటి పడింది. ఊళ్ళోంచి పొయ్యి దగ్గరికి పోయే దారి వానలకు పాడైపోయింది కాబట్టి పెద్దరోడ్డునే మిల్లు వైపు నుంచి చుట్టూ తిరిగి, వంతెన మీదుగా రావాలి.

"చెప్పవేం?" అన్నాడు కాస్త దూరం పోయాక.

"ఏం చెప్పాలి? నీకు కనబడుతోందిగా."

"కనబడుతోంది. అలవాటైపోయిందే. చెప్పు."

"బ్రేకర్" అన్నాను. ఆయన దాన్ని మెల్లగా దాటించాడు. "కుడి అంచు. సైకిలు." మలుపు తిరిగి, వంతెనకు ముందున్న ఆ రెండు కిలోమీటర్ల తిన్నని రోడ్డెక్కాం. జేబులో ఫోను మోగింది, తియ్యలేదు.

"ఆ రోజు నేను చూడలేదు" అన్నాను.

ఏ రోజని ఆయన అడగలేదు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఆ చీకట్లో నాకు కనబడింది ఒక్కటే. నీ మొహం. ఫోను వెలుగు పడి. నవ్వుతున్నావ్. డిసెంబరు నుంచి నువ్వు నవ్వగా చూసింది అదే మొదలు. పిల్ల పుట్టిందని నువ్వు చెప్పకుండానే తెలిసింది నాకు."

"నేను చూడలేదని తెలిసి సిగ్నల్ వేశావా?"

"వేశాను." కొంతదూరం పోయాక అన్నాడు. "నువ్వు తలెత్తి దించేశావ్. మళ్ళీ అడగాల్సింది. ఆ నవ్వుకు అడ్డుపడబుద్ధి కాలేదు. వాడి లైట్లు కళ్ళల్లో గుచ్చుకుంటున్నాయి, వాడు పోతే చాలనిపించింది."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "మరి ఎనిమిది నెలలు ఊరందరికీ నేనే చేశా, నేనే చేశా అని చెప్పుకుంటూ తిరిగావు. నాతో ఒక్క మాట అనలేదేం?"

"నువ్వు చెప్తావని."

అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ ఆయన చెప్పింది, లోపల గిన్నెలు తోముతున్న నాకు వినబడాలనేనని అప్పుడు అర్థమైంది. వంటిల్లు ఎంత దూరమని. ప్రతిసారీ విన్నాను.

"నబోర్‌కి చెబుతాను. ఫిదెన్సియో ముందే చెబుతాను" అన్నాను.

"ఇద్దరం చెబుదాం."

అప్పుడు వెనక నుంచి ఒక కారు వచ్చి మా వెంట పడింది. లైట్లు ఒకసారి ఎత్తి దించింది, దారి అడుగుతోంది. మేము మెల్లగా పోతున్నాం. ముందు రోడ్డు తిన్నగా ఉంది. చివర, వంతెన అవతల ఎక్కడో ఫిదెన్సియో పొయ్యి దగ్గర బల్బు ఒక్కటే వెలుగుతోంది. నేను చూశాను. కళ్ళు సర్దుకునేదాకా ఆగి మళ్ళీ చూశాను. రోడ్డు మీద ఏమీ లేదు. మూడోసారి కూడా చూశాను. ఆయనకూ కనబడుతోంది, నాకంటే బాగా కనబడుతోంది.

క్రిస్పిన్ చెయ్యి సిగ్నల్ మీదికి వెళ్ళి ఆగింది.

"ఖాళీయేనా?" అన్నాడు.

నాలుగోసారి రోడ్డుకేసి చూస్తూ ఉండిపోయాను. ఆయన కాసేపు చూసి చెయ్యి తీసేశాడు. వెనకవాడు హారన్ కొట్టాడు, విసుగొచ్చి మళ్ళీ కొట్టాడు, ఆ తర్వాత మానేసి ఆ పొయ్యి దాకా మా వెనకే వచ్చాడు.